మనకు మనం సర్దిచెప్పుకున్న చోట

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ గంటలో నేను చాలా సినిమాల ముగింపులు బయటపెట్టబోతున్నాను. ‘ద సిక్స్త్ సెన్స్’, ‘సైకో’, ‘ద యూజువల్ సస్పెక్ట్స్’, ‘ఫైట్ క్లబ్’, ‘దృశ్యం’, ‘ద ప్రెస్టీజ్’. వీటిలో దేనినైనా ఇంకా చూడకుండా దాచుకున్నవారుంటే ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

(నవ్వులు)

ఎవరూ లేవలేదు. సరే, తర్వాత నన్ను తిట్టుకోకూడదు.

చివర్లో మలుపు ఉన్న సినిమా చూసి బయటికి వచ్చేటప్పుడు తరచూ వినిపించే మాట, ‘ఎంత బాగా దాచాడండీ’ అని. నా ఉద్దేశంలో మంచి దర్శకుడు దాచడు. ఆధారాన్ని తెచ్చి మన కళ్లెదుటే, వెలుతురులో, ఫ్రేము మధ్యలో పెడతాడు. అయితే దాని పక్కనే ఒక మామూలు కారణాన్ని కూడా అందుబాటులో ఉంచుతాడు. మనం ఆ కారణాన్ని అందుకుని, ‘ఓహో, అందుకన్నమాట’ అని మనకు మనమే సర్దిచెప్పుకుని ముందుకు సాగిపోతాం. అందుకే మలుపును ముందుగా పసిగట్టాలనుకునేవారు తెర మూలమూలలా గాలించనక్కర్లేదు. తాము ఎక్కడెక్కడ సర్దిచెప్పుకున్నారో గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇది ఉదాహరణతో తప్ప తేలే విషయం కాదు. 1999లో వచ్చిన ‘ద సిక్స్త్ సెన్స్’ తీసుకుందాం. రాసి తీసినది ఎం. నైట్ శ్యామలన్. మాల్కమ్ క్రో పిల్లల మానసిక వైద్యుడు. ఆ పాత్ర బ్రూస్ విల్లిస్ వేశాడు. సినిమా మొదట్లోనే అతని పాత రోగి ఒకడు ఇంట్లోకి చొరబడి తుపాకీతో కాలుస్తాడు. మాల్కమ్ మంచం మీద వెనక్కి ఒరిగిపోతాడు. దృశ్యం మారుతుంది, కొన్ని నెలలు గడిచాయని తెలుస్తుంది. మాల్కమ్ వీధిలో బెంచీ మీద కూర్చుని, కోల్ అనే పిల్లవాడి కోసం ఎదురుచూస్తుంటాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మొదటి సర్దుబాటు అప్పుడే జరిగిపోయింది. కడుపులో గుండు దిగిన మనిషి ఎలా బతికాడో సినిమా చెప్పలేదు. ఆసుపత్రి చూపలేదు, కట్టు చూపలేదు, కోలుకోవడం చూపలేదు. ఆ ఖాళీ మొత్తాన్ని పూడ్చింది మనం. ‘బతికే ఉంటాడులే, కథానాయకుడు కదా’ అనుకున్నాం. సినిమా అబద్ధం చెప్పలేదు. అసలు ఏమీ చెప్పలేదు. మాల్కమ్ ఆ రాత్రే చనిపోయాడని, కోల్‌కు తప్ప ఇంకెవరికీ కనిపించడని చివర్లో తేలుతుంది.

తర్వాత రెస్టారెంటు సీను. నన్నడిగితే ఈ విద్య నేర్చుకునేవారు పదిసార్లు చూడవలసిన సీను అది. పెళ్లిరోజు. భార్య ఒక్కతే టేబుల్ ముందు కూర్చుని ఉంది. అతను ఆలస్యంగా వస్తాడు. ఎదుటి కుర్చీలో కూర్చుంటాడు, ఆలస్యమైనందుకు క్షమించమంటాడు, తన కొత్త కేసు గురించి చెప్పుకుపోతాడు. ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూడదు. బిల్లు వస్తుంది. అతను చెయ్యి చాపేలోగా ఆమె తీసేసుకుంటుంది, సంతకం పెడుతుంది. పెళ్లిరోజు శుభాకాంక్షలంటూ ఒక్క ముక్క అని లేచి వెళ్లిపోతుంది.

మనం ఏమనుకున్నాం? కోపం అనుకున్నాం. ఎందుకనుకున్నాం? అతను ఆలస్యంగా వచ్చాడు కాబట్టి. ఇప్పుడు రచయిత కుర్చీలో కూర్చుని చూడండి. అతను వేళకే వచ్చి ఉంటే, ఆమె మౌనం మనకు వింతగా తోచేది. ‘ఈమె ఎందుకు మాట్లాడదు?’ అనే ప్రశ్న పుట్టేది. ఆ ప్రశ్న పుట్టకుండా చేయడానికే ఆ ఆలస్యం. కథలో ఆలస్యానికి వేరే పనేమీ లేదు. ఇంకొకటి, ఆ కుర్చీ. అతను దాన్ని వెనక్కి లాగడు. మనిషి కూర్చోవడానికి వీలుగా అది ముందే జరిగి ఉంది. మామూలుగా అయితే నటుడు కుర్చీ లాగితే కాళ్లు నేలకు రాసుకున్న చప్పుడు వస్తుంది, సీనుకు ఒక సహజత్వం వస్తుంది. దర్శకుడు దాన్ని వదులుకున్నాడు. దేనినైనా వదులుకున్నాడంటే బదులుగా ఏదో దక్కాలి కదా.

మూడో సీను ఇంతకంటే సాహసం. కోల్ ఇంటికి వచ్చేసరికి వాళ్లమ్మ, మాల్కమ్ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఉంటారు. మాటల్లేవు. పిల్లవాడు రాగానే తల్లి లేచి వాడితో మాట్లాడి వంటింట్లోకి వెళుతుంది. చూస్తున్న మనం, ‘పిల్లవాడి గురించి ఇంతసేపూ మాట్లాడుకుని ఉంటారు’ అనుకుంటాం. వాళ్లు మాట్లాడుకున్నట్టు ఒక్క అక్షరమైనా ఉందా? లేదు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడితే చాలు, జరగని సంభాషణను మనమే పూర్తి చేసుకుంటాం.

ఇదేమీ శ్యామలన్ కనిపెట్టినది కాదు. సుమారు వందేళ్ల కిందట లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు చేసిన ప్రయోగం గురించి సినిమా చదువుకున్న ప్రతివారూ వినే ఉంటారు. మోజుఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో పసిపాప, ఒకసారి ఒక యువతి. చూసినవారికి అదే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయి. రెండు షాట్ల మధ్య ఉన్న అతుకులో అర్థాన్ని నింపేది ప్రేక్షకుడే. సినిమా అనే కళ నిలబడి ఉన్నదే ఆ అలవాటు మీద. మలుపు రాసేవాడు అదే అలవాటును మన మీదికి తిప్పుతాడు, అంతే.

ఇక్కడే మరో ప్రయోగం. ఇది కూడా 1999లోనిదే. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంతమందికి ఒక చిన్న వీడియో చూపించి, తెల్ల చొక్కాల వాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచివచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోతాడు. చూసినవారిలో దాదాపు సగం మందికి గొరిల్లా కనిపించనే లేదు. వాళ్ల కళ్లలో దోషం లేదు. చేతిలో వేరే పని ఉంది. మలుపు ఉన్న ప్రతి సినిమా మనకు అలా ఒక పని అప్పగిస్తుంది. ‘సిక్స్త్ సెన్స్’లో ఆ పని, ఈ డాక్టరు ఈ పిల్లవాడిని బాగుచేస్తాడా లేదా అని చూడటం. ఆ పనిలో పడి డాక్టరు గురించి ఆలోచించం.

ఇప్పుడు వెనక్కి, 1960కి వెళదాం. హిచ్‌కాక్ ‘సైకో’. హోటలు గదుల పక్కన చిన్న పార్లరు. నార్మన్ బేట్స్ ఆ రాత్రి బస చేయడానికి వచ్చిన మేరియన్‌తో మాట్లాడుతుంటాడు. గోడల మీద, బల్లల మీద గడ్డి కూరిన పక్షులు. చచ్చిన ప్రాణిని చెడిపోకుండా బతికున్నట్టే నిలబెట్టడం తన సరదా అని అతనే చెబుతాడు. కాసేపటికి మాట అతని తల్లి మీదికి మళ్లుతుంది. ఆమెను ఎక్కడైనా చేర్పించవచ్చు కదా అని మేరియన్ అంటే అతనికి కోపం వస్తుంది. కాస్త తగ్గాక ఏమంటాడో తెలుసా? ఆమె ఎవరికీ హాని చేయదు, ఆ గడ్డి కూరిన పక్షుల్లాగే, అంటాడు.

సినిమా సగం కూడా కాకముందే ముగింపు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. తల్లి ఎప్పుడో చనిపోయింది, ఆమె శవాన్ని నార్మనే ఆ పక్షుల్లాగే చెడిపోకుండా నిలిపి ఉంచాడు. తల్లి ఎలా ఉందో, ఎవరు అలా ఉంచారో, ఏ నేర్పుతో ఉంచారో, అన్నీ. మనం దాన్ని పోలిక అనుకుని వదిలేశాం. పక్షుల్ని భయపెట్టే అలంకరణ అనుకుని వదిలేశాం. తెలుగు కవిత్వం చదివి పెరిగిన మనకు పోలిక కనబడితే మెచ్చుకోవడం అలవాటు, అనుమానించడం అలవాటు లేదు.

(నవ్వులు)

అదే సినిమాలో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. మాయమైన మేరియన్‌ను వెతుకుతున్నవాళ్లు షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, దగ్గరికి వెళితే ఆయన నిజం చెప్పేస్తాడు. బేట్స్ తల్లి చనిపోయి పదేళ్లయింది, పాతిపెట్టారు అని. ఇంకేం కావాలి? కానీ వెంటనే ఆయనే ఒక ప్రశ్న వేస్తాడు: ఆ ఇంట్లో ఉన్నది బేట్స్ తల్లే అయితే, శ్మశానంలో పాతిపెట్టినది ఎవరిని? దాంతో మన బుర్ర శ్మశానం వైపు పరుగెత్తింది. ఇంట్లో ఉన్నది ఎవరని అడగవలసిన మనం, గోతిలో ఉన్నది ఎవరని అడుగుతూ కూర్చున్నాం. సినిమాలో ఎవరైనా పెద్దమనిషి మనకు ప్రశ్నను కూడా సిద్ధం చేసి ఇస్తున్నాడంటే, ఆ ప్రశ్నను తిరగేసి చూడాలి.

ఆ తర్వాత నార్మన్ తల్లిని మేడ మీద నుంచి కిందికి దించే షాట్. కెమెరా మెట్లెక్కి, గుమ్మం దాటి పైకి పైకి లేచి, నడినెత్తి మీద నుంచి చూస్తుంది. అతను తల్లిని చేతుల మీద మోసుకుపోతాడు, ముఖం కనిపించదు. ఈ షాట్ గురించి హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోకు స్వయంగా వివరించాడు. ముఖం దాస్తున్నానని ప్రేక్షకుడికి తోచకూడదు కాబట్టి షాట్‌ను తెంపకుండా సాగదీశానని, ధ్యాస మళ్లించడానికి తల్లీకొడుకుల వాగ్వాదం వినిపించానని. కాబట్టి కెమెరా ఉన్నట్టుండి అతి విచిత్రమైన చోటికి ఎక్కితే, ‘అబ్బ, ఎంత బాగుంది’ అనుకోండి, తప్పులేదు. ఆ వెంటనే, మామూలు చోట ఉంటే ఏం కనిపించేదో కూడా ఊహించుకోండి.

ఇంతవరకూ చెప్పినవి నిజం చూపిస్తూనే తప్పుదోవ పట్టించిన సినిమాలు. చూపించిందే అబద్ధమైతే? 1950లో హిచ్‌కాక్ ‘స్టేజ్ ఫ్రైట్’ తీశాడు. మొదట్లోనే ఒక యువకుడు జరిగింది చెబుతాడు, మనం ఫ్లాష్‌బ్యాక్‌లో చూస్తాం. చివరికి అదంతా కల్పన అని తేలుతుంది. ప్రేక్షకులు మోసపోయామని మండిపడ్డారు. అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి ఉండకూడదని హిచ్‌కాక్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు.

మరి 1995 నాటి ‘ద యూజువల్ సస్పెక్ట్స్’లోనూ చూసిన దాంట్లో చాలాభాగం కట్టుకథే కదా, దానికి జనం ఎందుకు చప్పట్లు కొట్టారు? ఆ స్క్రీన్‌ప్లేకి క్రిస్టఫర్ మెక్వారీకి ఆస్కార్ కూడా వచ్చింది. తేడా నా దృష్టిలో ఇది. అక్కడ చెబుతున్నవాడు వెర్బల్, నిందితుల్లో ఒకడు, వింటున్నది అతన్ని నమ్మని పోలీసు అధికారి. మాటకు విలువెంత అన్నదే కథ. పైగా, అధికారి రాకముందు వెర్బల్ ఆ గదిలో ఒంటరిగా కూర్చుని గోడ మీది నోటీసు బోర్డును కళ్లతో తడమడం మనకు చూపించారు. భయపడ్డ అవిటివాడు దిక్కులు చూస్తున్నాడనుకున్నాం. నిజానికి కథకు కావలసిన పేర్లు ఏరుకుంటున్నాడు. అతని కథలో వచ్చే కొబయాషి అనే పేరు అధికారి తాగుతున్న కాఫీ కప్పు అడుగున ఉంది. విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌కు మాత్రం ఈ సినిమా నచ్చలేదు, నాలుగింటికి ఒకటిన్నర నక్షత్రాలే ఇచ్చాడు. ఆయన మీద నాకు గౌరవమే గానీ, ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను. ఆ కళ్ల షాట్ ఒక్కటి చాలు, సినిమా ధర్మంగా ఆడిందని ఒప్పుకోవడానికి.

దీని నుంచి మీరు చేయగల పని ఒకటుంది. ఏ దృశ్యం చూస్తున్నా, ఇది జరిగిందా, ఎవరైనా చెప్పిందా అని మనసులో విడిగా రాసుకోండి. గొంతు వినిపించి ఆ వెంటనే బొమ్మ కనిపిస్తే, ఆ బొమ్మ పూచీ ఆ గొంతుదే, కెమెరాది కాదు.

కొన్ని చిన్న ఆనవాళ్లు త్వరగా చెప్పేస్తాను, ఇవి మీకూ తెలిసినవే. పేరున్న నటుడు రెండు ముక్కల పాత్రలో కనిపిస్తే అతనికి చివర్లో పని ఉంటుంది. సినిమా బడ్జెట్ అనవసరమైన పాత్రను భరించదు కాబట్టి, ఎందుకున్నాడో తెలియని పాత్రే నేరస్థుడని ఈబర్ట్ ఒక సూత్రమే రాశాడు. ఇంట్లో చూస్తున్నప్పుడు తెర అడుగున ఎంత సమయం మిగిలిందో చూపే గీత ఉంటుంది, అదొక పెద్ద చాడీకోరు. హంతకుడు దొరికి, సంకెళ్లు పడి, ఇంకా 25 నిమిషాలు మిగిలి ఉంటే వాడు హంతకుడు కాడు. ఇవి పనిచేస్తాయి, నేను కాదనను. కానీ ఇది పరీక్ష పేపరు బయటికి వస్తే చూసి రాయడం లాంటిది. ఫలితం వస్తుంది, సినిమా మాత్రం అర్థం కాదు.

‘ఫైట్ క్లబ్’ గురించి అడుగుతారని తెలుసు, కాబట్టి అదీ చెప్పేస్తాను. కథానాయకుడి స్నేహితుడు టైలర్ నిజానికి అతని ఊహలోని మనిషే అని చివర్లో తేలుతుంది. ఆ టైలర్ కథలోకి రాకముందే నాలుగుసార్లు ఒక్కొక్క ఫ్రేము పాటు మెరుస్తాడు. సెకనులో ఇరవై నాలుగో వంతు. కన్ను చెదిరిందనో, ప్రింటులో లోపమనో సర్దుకుంటాం. కాసేపటికి అదే సినిమా, టైలర్ థియేటర్లో ప్రొజెక్టర్ నడిపేటప్పుడు రీళ్లలో ఒక్కొక్క ఫ్రేము అతికిస్తాడని మనకు విడమరచి చెబుతుంది. నాకు అంతకంటే నచ్చేది టెలిఫోన్ బూత్. కథానాయకుడు టైలర్‌కు ఫోన్ చేస్తాడు, ఎవరూ ఎత్తరు, పెట్టేశాక అదే ఫోను మోగుతుంది. ఆ ఫోను మీదే రాసి ఉంటుంది, బయటి నుంచి దీనికి కాల్స్ రావని.

ఇక ‘దృశ్యం’. 2013లో జీతూ జోసఫ్ మలయాళంలో తీసింది, మరుసటి ఏడాది వెంకటేష్‌తో తెలుగులో వచ్చింది. దీనిలో గొప్పతనమేమిటంటే హత్య ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది మన ముందే జరుగుతుంది. మనకు అన్నీ తెలుసు. అన్నీ తెలిసిన ప్రేక్షకుడికి కూడా ఒక మలుపు ఎలా మిగల్చగలిగారు? కుటుంబం దొరికిపోతుందా అన్న ఆదుర్దాలో మనల్ని పెట్టి. శవం ఎక్కడుందో మనకు తెలుసన్న ధీమా మనది. అందుకే గొయ్యి తవ్వి జంతువు కళేబరం బయటపడ్డప్పుడు పోలీసులతోపాటు మనమూ తెల్లబోతాం. శవం ఉన్నది ఊళ్లో కట్టిన కొత్త పోలీస్ స్టేషన్ నేల కింద. ఆ స్టేషన్ కడుతున్న సంగతిని సినిమా ఎక్కడా దాచలేదు. కథకు నేపథ్యం అనుకుని మనమే దాన్ని లెక్కలోంచి తీసేశాం. మిగతా సినిమాల్లో తెలియని చోట సర్దిచెప్పుకుంటాం. ఇక్కడ తెలుసనుకున్న చోట. రెండోది పట్టుకోవడం చాలా కష్టం. పైగా సొంత తెలివి మీద అనుమానం రావాలి, అది ఎవరికి వస్తుంది చెప్పండి?

(నవ్వులు)

ప్రశ్నలున్నాయా? అడగండి.

(సభలో ఒకరు: అసలు ట్విస్టు ఉందని ముందే చెప్పడం వల్లే కదా సగం గుట్టు పోయేది?)

నిజమే, అన్నిటికంటే పెద్ద లీకు అదే. ఉందని తెలిస్తే మనకు అప్పగించిన పని మానేసి గొరిల్లా కోసం వెతుకుతాం. అయితే ఇది ఈనాటి జాడ్యం కాదు. 1955లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘లె డియబోలిక్’ చివర్లో, మీరు చూసింది స్నేహితులకు చెప్పకండి అని తెర మీద అక్షరాలు వేశారు. ‘సైకో’కి హిచ్‌కాక్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని థియేటర్లకు షరతు పెట్టాడు. ప్రచారానికి బాగా పనికొచ్చిన మాట వాస్తవమే, కానీ అసలు కారణం వేరే ఉంది. పోస్టరు మీదున్న జానెట్ లీ పాత్ర సినిమా సగం కాకుండానే చనిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆమె ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూస్తూ కూర్చుంటారు.

(మరొకరు: ఇలా వెతుక్కుంటూ చూస్తే సినిమా ఆనందం పోదా?)

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ముగింపు ముందే చెప్పి కొందరితో కథలు చదివించారు. చెప్పకుండా చదివించిన వారికంటే వీళ్లకే కథలు ఎక్కువ నచ్చాయి. తర్వాత ఇతరులు చేసిన అధ్యయనాల్లో దీనికి విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి, కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోను. నా కొలమానం వేరు. ముగింపు తెలిశాక సీను పలచనవుతుందా, బరువెక్కుతుందా?

2006 నాటి నోలన్ సినిమా ‘ద ప్రెస్టీజ్’ చూడండి. బోర్డెన్ అనే ఇంద్రజాలికుడు పంజరంలో పిట్టను మాయం చేసి, మళ్లీ చేతిలో చూపిస్తాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఒక పసివాడు మాత్రం ఏడుస్తాడు. వీడి తమ్ముడేడీ అని అడుగుతాడు. ఒకటి చచ్చింది, దాని జంట చేతికొచ్చింది. సినిమా మొత్తం అదే. పిల్లవాడి అమాయకత్వం అనుకుని మనం ముచ్చటపడతాం.

బోర్డెన్ భార్య సారా. అతను ప్రేమిస్తున్నానని అన్నప్పుడు ఆమె కళ్లలోకి చూసి, ఈరోజు నిజం కాదు అంటుంది. మరోరోజు, ఈరోజు నిజమే అంటుంది. మొదటిసారి చూస్తే పనిపిచ్చి ఉన్న భర్త, నొచ్చుకున్న భార్య, పాత కథే అనిపిస్తుంది. ఆ ఇంటికి ఇద్దరు కవలలు ఒకే మనిషిగా వంతులవారీగా వస్తున్నారని, వారిలో ఒక్కడే ఆమెను ప్రేమిస్తున్నాడని తెలిశాక మళ్లీ చూడండి. ఆమె ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. ఇంత తెలివైన ఇంద్రజాలికులు, ఇంతమంది ప్రేక్షకులు ఉన్న ఆ సినిమాలో, ఎదుట నిలబడ్డ మనిషి ఎవరో రోజూ పోల్చుకున్నది ఆమె ఒక్కతే. తను పోల్చుకుంటున్నానన్న సంగతి చాలాకాలం ఆమెకే తెలియదు. మారేది భర్త మనసు అని సర్దిచెప్పుకుంది.